అప్పు తీరుస్తారు, జబ్బు మిగులుతుంది

కొడుకు బెట్టింగ్ యాప్‌లో పోగొట్టినదాన్ని కట్టడానికి తండ్రి అరెకరం అమ్ముతాడు. ఇక ఫోను ముట్టనని కొడుకు తల్లి తలమీద చెయ్యి పెట్టి ఒట్టేస్తాడు. ఆరు నెలలు తిరగకుండానే లోన్ యాప్ వాళ్లు ఇంటికి ఫోన్ చేస్తారు. ఇది ఏ ఊరి కథో తెలుగునాట చెప్పనక్కరలేదు. ఒట్టేసినప్పుడు ఆ కుర్రాడు నిజమే చెప్పాడు. అతనిది జబ్బన్న సంగతే ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన కొత్త వ్యాధుల జాబితాలో జూదాన్ని మద్యం, మత్తుమందుల సరసన వ్యసన వ్యాధిగా చేర్చింది. ఆ జాబితా 2022 నుంచి అమల్లో ఉంది. పోయినదాన్ని రాబట్టుకోవడానికే మళ్లీ ఆడడం ఈ జబ్బు ముఖ్య గుర్తుల్లో ఒకటి. ధర్మరాజు సర్వం ఓడాడు, ధృతరాష్ట్రుడి పుణ్యమా అని అంతా తిరిగి దక్కింది. అయినా పిలవగానే వెళ్లి మళ్లీ పాచికల ముందు కూర్చున్నాడు. మనం గమనించవలసింది ఆ రెండో ఆటనే.

పేకాటరాయుణ్ని ఊరంతా ఎరుగుతుంది. ఫోనులో ఆడేవాణ్ని పక్కన పడుకున్న భార్య కూడా పోల్చుకోలేదు. వాసన రాదు, అడుగు తడబడదు. బోర్లించి పెట్టిన ఫోను, అర్ధరాత్రి దాటాక ఖాతాలోంచి ఐదు వందలు, వెయ్యి చొప్పున వరుసగా పోయిన చెల్లింపులు, జీతం పడిన మూడో రోజే చేబదులు, బీరువాలో కనిపించని గొలుసు, అడిగితే కసురుకోవడం... ఇవీ ఆనవాళ్లు. ఇవి కనిపించాక కూడా పెళ్లి చేస్తే దారికొస్తాడనే పెద్దలున్నారు. దానివల్ల అప్పు ఇంకో ఇంటికి పాకుతుందంతే.

ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ 2025 ఆగస్టులో పార్లమెంటు తలుపు మూసింది. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాడికి ఈ కేంద్ర చట్టంలో శిక్ష లేదు, అది సబబే. అయితే దుకాణం మూతపడ్డంత మాత్రాన అలవాటు పోదు. దొడ్డిదారి వెతుక్కుంటుంది.

మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలిమానస్ నంబరు 14416. రాత్రీపగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆడేవాడు ఒప్పుకోకపోతే ఇంట్లోవాళ్లే ఫోన్ చేయవచ్చు. ఈ జబ్బుకు ప్రధాన చికిత్స కౌన్సెలింగ్. కుంగుబాటో తాగుడో తోడై ఉంటే దానికీ వైద్యం చేస్తారు. అప్పులన్నీ ఒక కాగితం మీద రాయించి, జీతం ఖాతాను కొంతకాలం ఇంట్లో మరొకరు చూసుకోవాలి. చచ్చిపోతానన్న మాట నోట వస్తే బెదిరింపని కొట్టిపారేయకుండా, ఒంటరిగా వదలకుండా ఆ పూటే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

ప్రభుత్వాలను మేము కోరేది ఖర్చుతో కూడిన పనేమీ కాదు. తాగుడు మాన్పించే కేంద్రాలున్న సర్కారు ఆసుపత్రుల్లో బోర్డు మీద జూదం అన్న మాట కూడా పెద్ద అక్షరాలతో రాయించాలి. భర్త తాగుడుకు వైద్యం ఎక్కడుందో తెలిసిన ఇల్లాలికి, దీనికీ అదే గుమ్మమని తెలియాలి కదా!