నచ్చిన సినిమాల నల్లధనం

ఈ దేశంలో నల్లధనం గురించి మాట్లాడని నాయకుడు లేడు. ఒక ప్లాటు అమ్మకంలో వైటెంతో బ్లాకెంతో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు టీ కొట్టాయన్ని అడిగినా చెప్తాడు. కానీ తెలుగువాళ్లు తరతరాలుగా దాచుకుంటున్న ఇంకో నల్లధనం ఉంది, దాని మీద ఇప్పటిదాకా ఒక్క సోదా కూడా జరగలేదు. మనకి నిజంగా నచ్చిన సినిమాలు అన్నమాట.

నలుగురిలో ఎవరైనా "మీ ఫేవరెట్ సినిమా ఏంటండీ" అని అడగ్గానే మనిషి ఒక్కసారి సర్దుకుని కూర్చుంటాడు. గొంతు కాస్త బరువెక్కుతుంది. "మాయాబజార్" అంటాడు. ఇది వ్యవసాయ ఆదాయం లాంటిది, పన్నూ లేదు, ఎలా వచ్చిందని అడిగేవాడూ లేడు. పింగళి మాటలు అంటాడు, కెమెరామన్ మార్కస్ బార్ట్లే తీసిన వెన్నెల అంటాడు, ఎస్వీ రంగారావు తర్వాత ఎవరున్నారండీ అని నిట్టూరుస్తాడు. నేను మాత్రం ఈ మధ్య ఒక చిన్న తనిఖీ మొదలుపెట్టాను. "అందులో ధర్మరాజు వేషం ఎవరు వేశారు, గుర్తు రావట్లేదు" అని అమాయకంగా అడుగుతాను. మొన్న ఒక పెళ్లి భోజనాల దగ్గర ఒకాయన క్షణం తడుముకోకుండా "గుమ్మడి" అన్నాడు. గుమ్మడి వేసింది బలరాముడు. అసలు 1957లో కె.వి. రెడ్డి తీసిన ఆ సినిమాలో పాండవులు ఒక్క సీన్లో కూడా కనపడరు. ఆయన విస్తట్లో లడ్డూ ఉంది. నిజానికి ఆయనకే కాదు, నాకూ ఆ సినిమా నచ్చింది లడ్డూల వల్లే, అవి వాటంతటవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్తుంటే ఏడేళ్లప్పుడు నోరు తెరిచి చూసినవాణ్ణి. పింగళి గొప్పతనం నాకు తెలిసింది ముప్పై దాటాకే, అదీ ఇంకొకళ్లు చెప్తే.

ఇక కొత్త తరం వాళ్లది ఇంకో రకం మోసం, పాత తేదీ వేసిన రశీదులు. 2010లో వచ్చిన ఆరెంజ్, ఖలేజా రెండూ అప్పుడు ఆడలేదు. తర్వాత ఒకటి 2023లో, ఇంకొకటి 2025లో మళ్లీ రిలీజ్ చేస్తే హాళ్లు ఊగిపోయాయి. బయటికొచ్చిన ప్రతివాడూ "నేను అప్పుడే చెప్పాను, ఎవడూ వినలేదు" అన్నవాడే. నాకొక సందేహం. అప్పుడే చెప్పినవాళ్లంతా అప్పుడే టికెట్ కొనుంటే ఆ నిర్మాతలకి అంత కష్టం ఎందుకొచ్చేది?

నా సంగతి కూడా చెప్పాలి కదా. మా పెళ్లిచూపుల్లో మామగారు, రిటైరైన లెక్చరర్, పకోడీల ప్లేటు నా వైపు జరుపుతూ "సినిమాలు చూస్తారా బాబూ" అన్నారు. "సత్యజిత్ రాయ్ అంటే ఇష్టమండీ, పథేర్ పాంచాలీ" అన్నాను. చూసింది ఇరవై నిమిషాలు, ఆ తర్వాత నిద్ర. ఆయన కళ్లు మెరిశాయి. "ఆ రైలు సీను..." అన్నారు. రైలు ఉందని మాత్రం ఎక్కడో చదివాను కాబట్టి, "పిల్లలిద్దరూ రైలెక్కుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయండీ" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ "నాకూ అంతే బాబూ, నాకూ అంతే" అన్నారు. సంబంధం ఖాయమైంది.

పెళ్లయిన మూడేళ్లకి జ్వరంతో పడుకున్నప్పుడు ఆ సినిమా మొత్తం చూశాను. ఆ పిల్లలు రైలెక్కరు. రెల్లుపూల మధ్య నుంచి పరిగెత్తుకెళ్లి, పోతున్న రైలుని చూస్తారు, అంతే. చివర్లో ఆ కుటుంబం ఊరు విడిచి వెళ్లేది కూడా ఎడ్లబండి మీద. అంటే ఆ రోజు ఆ హాల్లో ఇద్దరు పెద్దమనుషులు, చూడని సినిమాకి కలిసి కన్నీళ్లు పెట్టుకున్నారన్నమాట. సినిమా అయితే చాలా గొప్పది, అది వేరే విషయం.

అందుకే ప్రభుత్వానికి నా విన్నపం ఒకటే. 1997లో కేంద్రం స్వచ్ఛంద ఆదాయ వెల్లడి పథకం పెట్టి, 30 శాతం పన్ను కట్టేస్తే ఎక్కడిదని అడగం అంది కదా, సినిమాలకీ అలాంటిది ఒకటి రావాలి. సినిమా పేరు, చూసిన సార్లు, నచ్చిన కారణం, మూడు గడులు చాలు. మొదటి ఫారం నేనే నింపుతాను. పేరు: అతడు. చూసిన సార్లు: లెక్క లేదు, ఎందుకంటే ఏనాడూ మొదట్నుంచీ చూడలేదు, టీవీలో ఎప్పుడు పెట్టినా సగం అయిపోయి ఉంటుంది, అయినా ఛానెల్ మార్చబుద్ధి కాదు.

మూడో గడి దగ్గరే పెన్ను ఆగుతోంది. త్రివిక్రమ్ మాటలు, మణిశర్మ సంగీతం అని రాస్తే అబద్ధం కాదు గానీ వైటులో చూపించే సగమే అవుతుంది. మిగతా సగం ఇది. ఎంసెట్ ర్యాంకు వచ్చాక నాన్న నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. ర్యాంకు ఎంతో అడక్కండి, దానికి ఫారంలో గడి లేదు. ఆదివారం మధ్యాహ్నం, అమ్మ నేల మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది, నేను గుమ్మం దగ్గర స్తంభంలా నిలబడ్డాను, టీవీలో మహేశ్ బాబు పొలంలో ఫైట్. నాన్న తెర మీంచి చూపు తిప్పకుండా "సౌండ్ పెంచరా" అన్నాడు. పెంచాను. కాసేపటికి వచ్చి పక్కన కూర్చోమన్నట్టు కాలు ముడుచుకున్నాడు. దీన్ని ఏ విమర్శకుడు ఏ పద్దు కింద రాస్తాడో నాకైతే తెలీదు.

ఈ పథకానికి తనిఖీ అధికారులు కూడా అక్కర్లేదు. మాయాబజార్లోనే ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంటుంది, తెరిచి చూసినవాళ్లకి ఎవరంటే మక్కువో వాళ్లే కనిపిస్తారు. శశిరేఖకి అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికేమో శకుని. ఇప్పుడది ప్రతి ఇంట్లోనూ గోడకి తగిలించి ఉంది. టీవీలో యూట్యూబ్ తెరవండి, సగం చూసి ఆపిన సినిమాలన్నీ కింద ఎర్రగీతతో సహా వరసగా నిలబడి ఉంటాయి.

మోకాళ్ల వైద్యానికని మామగారు పోయిన నెల మా ఇంట్లో పది రోజులున్నారు. ఐదో రోజు సాయంత్రం నేనూ ఆయనా హాల్లో కూర్చుని "మంచి సినిమా ఏదైనా చూద్దామా" అనుకుని టీవీ పెట్టాం. తెర మీద మొదటి బొమ్మే జగన్మోహిని. విఠలాచార్య, 1978. ఎర్రగీత సగం దాటి ఉంది. ఇంట్లో నేను చూడలేదు, మా ఆవిడకి దయ్యాలంటే పడదు, మా పాపకి నాలుగేళ్లు.

ఆయన కళ్లజోడు తీశారు. తుడిచారు. "ఏదో యాడ్ అనుకుంటా, దానంతటదే వచ్చేసినట్టుంది" అన్నారు. అయ్యుంటుంది మామయ్య గారూ, ఈ మధ్య ఇలాగే వస్తున్నాయి అని నేను రాయ్ కోసం వెతకడం మొదలుపెట్టాను. ప, థ అని రెండక్షరాలు కొట్టానో లేదో, వెనకనుంచి చిన్నగా గొంతు సవరించుకున్నారు.

"అది పెట్టండి అల్లుడు గారూ. కాస్త వెనక్కి జరపండి, దయ్యం పొయ్యిలో కాళ్లు పెట్టి వంట చేస్తుందే, అక్కణ్ణుంచి."