‘ఇంకో ఐదొందలేళ్ళు సునామీ రాదు’ అన్న మాట తప్పు

“సునామీ మనకు 2004లోనే మొదటిసారి వచ్చింది. గోతులు తవ్వి పాత సునామీ మేటలని చూపించేది తుఫాను ఇసుకే. ఒకవేళ నిజమైనా ఐదొందలేళ్ళకోసారి వచ్చేది, ఇక భయం లేదు.” 2004 సునామీ వచ్చిన డిసెంబర్ 26 దగ్గరపడితే ఇలాంటి మాట వాట్సాప్‌లో తిరుగుతుంది. తీరంలో ఉండేవాళ్ళు నమ్మితే ప్రాణాలమీదికొచ్చే మాట.

2004 మొదటిది కాదు. 1881 డిసెంబర్ 31న కార్ నికోబార్ దగ్గర భూకంపంతో పుట్టిన సునామీని మద్రాసు రేవులో నీటిమట్టం కొలిచే పరికరం నమోదు చేసింది. అది చిన్నది. పెద్దవాటి సాక్ష్యం మట్టిలో ఉంది. థాయిలాండ్‌లోని ఫ్రా థోంగ్ దీవిలో, ఇసుక దిబ్బల మధ్య పల్లాల్లో గోతులు తీశారు. గోతి గోడలో పైన 2004 నాటి తెల్ల ఇసుక, జానెడు కూడా ఉండదు. కింద ఆకులూ వేళ్ళూ కుళ్ళిన నల్లమట్టి. మళ్ళీ తెల్ల ఇసుక, మళ్ళీ నల్లమట్టి. అలా 2004 పొర కింద ఇంకో మూడు ఇసుక పొరలు. వాటిలో పైది సుమారు 550–700 ఏళ్ళ కిందటిదని కార్బన్ పరీక్షలో తేలింది. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో, మెయులాబో దగ్గర దొరికిన ఒక మేట కూడా దాదాపు ఆ కాలానిదే.

తుఫాను ఇసుక కావచ్చుగా అన్న అనుమానంలో న్యాయం ఉంది. ఒక్క గోతితో తేల్చడం కష్టమే. అందుకే ఒడ్డు నుంచి లోపలికి వరసగా తవ్వుతూ పోతారు. తుఫాను ఇసుక సాధారణంగా ఒడ్డు దగ్గరే మందంగా పడి ఆగిపోతుంది. సునామీ ఇసుక పలచబడుతూ చాలా దూరం పోతుంది. జపాన్‌లోని సెందాయ్ మైదానంలో 869 నాటి మేట కిలోమీటర్ల లోపల దొరికింది. దాన్ని చూపించే యుకినోబు ఒకమురా అనే భూగర్భ శాస్త్రవేత్త 2009లో అణు విద్యుత్ కేంద్రాల భద్రతా సమావేశంలో హెచ్చరించారు. 2011లో సముద్రం ఆ మైదానం మీదికే వచ్చింది.

అన్నిటికన్నా ప్రమాదం ఆ ‘ఐదొందలేళ్ళ’ లెక్క. సుమత్రా ఉత్తర కొసన, ఆచే తీరంలో ఒక గుహ ఉంది. వాకిట్లో రాతి గడప ఎత్తుగా ఉండడంతో తుఫాను అలలు లోపలికి రావు. సునామీ వస్తేనే ఇసుక చేరుతుంది, మిగతా కాలమంతా గబ్బిలాల రెట్ట పేరుకుంటుంది. ఆ పొరలు లెక్కపెడితే 7,400 ఏళ్ళ కిందటి నుంచి 2,900 ఏళ్ళ కిందటి దాకా కనీసం 11 సునామీలు. సగటు తీస్తే సుమారు నాలుగొందల యాభై ఏళ్ళకొకటి. కానీ ఒకసారి దాదాపు 2,100 ఏళ్ళు ఒక్కటీ రాలేదు. మరోసారి ఒక్క శతాబ్దంలోనే నాలుగు వచ్చాయి.

2004లో మన ఆంధ్ర తీరంలో వందమందికి పైగా పోయారు. అప్పుడు హెచ్చరిక కేంద్రం లేదు, ఇప్పుడు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో ఉంది. అక్కడి నుంచి కబురొస్తే, ఈ ‘ఐదొందలేళ్ళ’ లెక్క పట్టుకుని వలల దగ్గర ఆగిపోకండి.