పది వేల డాలర్ల ట్రక్కును అమెరికా నిషేధించిందా? ఆ మెసేజ్‌లో నిజమెంత

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "టయోటా థాయ్‌లాండ్‌లో 10 వేల డాలర్లకే కొత్త పికప్ అమ్ముతోంది. బయట దేశాలన్నిటా అంతే. అమెరికా ప్రభుత్వం మాత్రం దాన్ని నిషేధించింది. ఇక్కడ ట్రక్కు 65 వేలు కావడానికి కారణం కాలుష్య నిబంధనలు, యూనియన్ జీతాలు. కంపెనీలకు మిగిలేది అంతంతమాత్రం. చవక ట్రక్కు తెచ్చినా ఇక్కడ కొనేవాడు లేడు. ధరలు ఇంక తగ్గవు, ఇప్పుడే తీసుకోండి. నెలకు ఎంత కట్టాలో చూసుకుంటే చాలు. వడ్డీ ట్యాక్స్‌లో పోతుంది. బిజినెస్ పేరు మీద కొంటే ట్రక్కు ఫ్రీ."

డాలస్ చుట్టుపక్కల క్యాటరింగ్ చేసేవాళ్లు, ఇళ్ల రిపేర్లు చేయించేవాళ్లు, ఊరి బయట నాలుగెకరాలు కొనుక్కున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వాళ్లకు ట్రక్కు నిజంగా అవసరం. ఈ మెసేజ్ నమ్మి సంతకం పెడితే ఏడేళ్లు అప్పు కడుతూ కూర్చోవాలి. అందుకే ఒక్కో మాటా విడదీసి చూద్దాం. పెద్ద పికప్ సగటున 65 వేల డాలర్ల దరిదాపుల్లో అమ్ముడవుతోందన్న మాట నిజమే. ఇంకొన్ని మాటల్లో సగం నిజం ఉంది. ఆ సగం వల్లే మిగతాది కూడా నమ్మబుద్ధేస్తుంది.

"10 వేల డాలర్లకే అమ్ముతోంది." ఆ బండి పేరు హైలక్స్ చాంప్. 2023 నవంబరులో థాయ్‌లాండ్‌లో విడుదలైనప్పుడు దాని ప్రారంభ ధర 4,59,000 బాట్. అప్పటి మారకం రేటు ప్రకారం 13 వేల డాలర్లు. అది కూడా సింగిల్ క్యాబ్ (ఒకే వరుస సీట్లు), 2 లీటర్ల పెట్రోల్ ఇంజన్, 5 గేర్ల మాన్యువల్. డీజిల్, ఆటోమేటిక్ కావాలంటే 5,77,000 బాట్. పది వేలు కాకపోయినా చవకే, ఒప్పుకుంటాను. ఇక "బయట దేశాలన్నిటా అంతే" అన్నది శుద్ధ తప్పు. మన దేశమే చూడండి. టయోటా 2022 మార్చిలో ఇండియాలో చాంప్ కాదు, మామూలు హైలక్స్ విడుదల చేసినప్పుడు ధర 33.99 లక్షల నుంచి మొదలైంది. అప్పటి లెక్కలో 44 వేల డాలర్లు దాటుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఇసుజు ప్లాంటు ఉంది. అక్కడే తయారయ్యే డీ-మ్యాక్స్ వీ-క్రాస్ కూడా పాతిక లక్షల మాటే. టయోటా పికప్ మన ఊళ్లోనే చవగ్గా రావడం లేదు.

"ప్రభుత్వం నిషేధించింది." చాంప్ మీద పేరుపెట్టి వేసిన నిషేధమేదీ లేదు. అయితే బయటి నుంచి వచ్చే ట్రక్కులకు పెద్ద అడ్డుగోడ ఉన్న మాట మాత్రం నిజం. 1960ల మొదట్లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ అమెరికా కోళ్ల మీద సుంకాలు పెంచాయి. దానికి బదులుగా అధ్యక్షుడు జాన్సన్ బంగాళదుంపల పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీతో పాటు లైట్ ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేశారు. అది 1964లో అమల్లోకి వచ్చింది. తర్వాత మిగతావాటి మీద ఎత్తేశారు గానీ ట్రక్కుల మీద అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ దాన్ని చికెన్ ట్యాక్స్ అనే పిలుస్తారు. ఫోర్డ్ కూడా దీన్ని తప్పించుకోవాలని చూసింది. టర్కీలో తయారైన ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లకు వెనక సీట్లు బిగించి, ప్రయాణికుల బండ్లుగా చూపించి దింపేది. రేవు దాటాక ఆ సీట్లు పీకేసేది. చివరికి 2024లో ఆ వ్యవహారం తేల్చుకోవడానికి 365 మిలియన్ డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఇక మనలో ఎవరైనా చాంప్‌ను సొంతంగా తెచ్చుకుందామంటే కుదరదు. ఇక్కడి భద్రతా ప్రమాణాలకు తయారుకాని బండికి 25 ఏళ్లు నిండేదాకా మామూలుగా అనుమతి ఉండదు.

ఇవన్నీ మనలాంటి వ్యక్తికీ, థాయ్‌లాండ్ నుంచి ఓడలో వచ్చే బండికీ అడ్డం. టయోటాకు ఇవి అడ్డం కావు. టయోటా టకోమా ట్రక్కులు మెక్సికోలో తయారవుతున్నాయి, టండ్రా టెక్సస్‌లోనే శాన్ ఆంటోనియోలో తయారవుతోంది. మెక్సికో నుంచి వచ్చే ట్రక్కులకు వాణిజ్య ఒప్పందం కింద 2025 దాకా సుంకం పడేది కాదు. ఇక్కడి ప్రమాణాలకు తగ్గట్టు చాంప్‌ను కొంత మార్చి, మెక్సికోలో తయారుచేసి, అమ్ముకునే దారి అన్నేళ్లూ తెరిచే ఉంది. ఆ దారి పట్టకపోవడం కంపెనీ తీసుకున్న నిర్ణయం. ఒక్క బండి మీద ఎంత లాభం వస్తుందో లెక్క వేసుకునే ఆ నిర్ణయం తీసుకుంటారు. మెసేజ్ రాసినవాళ్లు ఈ ముక్క ఎక్కడా చెప్పలేదు.

"కాలుష్య నిబంధనల వల్లే." అసలు సంగతి మెసేజ్ చెప్పిన దానికంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది. మైలేజీ ప్రమాణాల లెక్కలో 2000ల చివరి నుంచి ట్రక్కులకు ఒక పద్ధతి తెచ్చారు. నాలుగు చక్రాల మధ్య ఉండే నేల వైశాల్యాన్ని బట్టి లక్ష్యం మారుతుంది. బండి ఎంత పెద్దదైతే అందుకోవాల్సిన మైలేజీ అంత తక్కువ. అంటే చిన్న ట్రక్కు కఠినమైన పరీక్ష రాయాలి, పెద్ద ట్రక్కుకు సులువైన పేపరు. ఫోర్డ్ పాత రేంజర్, డాడ్జ్ డకోటా రెండూ 2011లోనే ఆగిపోయాయి. రేంజర్ 2019లో తిరిగొచ్చింది, కానీ ఒళ్లు పెంచుకుని వచ్చింది. వాటిని చంపింది ఆ నిబంధన ఒక్కటే అనను, గిరాకీ కూడా అప్పటికే పడిపోయింది. కానీ చిన్న ట్రక్కు వైపు కంపెనీలు చూడకుండా ఉండటానికి ఆ నిబంధన బాగా పనికొచ్చింది. దాన్ని విమర్శించాల్సిందే, నేనూ విమర్శిస్తాను.

అయితే నిబంధన పోతే ధర దిగుతుందని మెసేజ్ ఆశ చూపిస్తోంది. 2025 జులైలో వచ్చిన చట్టం ఆ మైలేజీ ప్రమాణాలు తప్పితే కట్టాల్సిన జరిమానాను సున్నా చేసింది. కొత్త బండి సగటు ధర చరిత్రలో మొదటిసారి 50 వేల డాలర్లు దాటింది ఆ తర్వాత రెండు నెలలకే, సెప్టెంబరులో. మోడల్ మారడానికి ఏళ్లు పడుతుంది, కాబట్టి అప్పటికప్పుడు తగ్గాల్సిందని నేనూ అనను. పైగా అదే ఏడాది దిగుమతి బండ్ల మీద 25 శాతం, స్టీలు, అల్యూమినియం మీద 50 శాతం సుంకాలు వచ్చి పడ్డాయి. ఫోర్డ్ పెద్ద పికప్ ఎఫ్-150 బాడీ 2015 మోడల్ నుంచి అల్యూమినియమే. కాలుష్య నిబంధనల్ని తిట్టిన ఆ మెసేజ్‌లో ఈ సుంకాల గురించి ఒక్క మాట కూడా లేకపోవడం నాకు అస్సలు నచ్చలేదు.

"యూనియన్ జీతాలు." 2023 సెప్టెంబరులో అమెరికా ఆటో కార్మికుల యూనియన్ యూఏడబ్ల్యూ సమ్మె చేసింది. నాలుగున్నరేళ్లలో 25 శాతం పెంపు సాధించుకుంది. దీనివల్ల ఒక్కో బండి మీద అదనంగా పడే ఖర్చు ఎంత? కొత్త ఒప్పందం ముగిసే నాటికి సుమారు 900 డాలర్లని ఫోర్డే చెప్పింది. ఎఫ్-150 బేస్ మోడల్ ధర 2021లో 29 వేల లోపు ఉండేది. సమ్మె మొదలయ్యే నాటికే 33 వేలు దాటేసింది. ఇంకా స్పష్టంగా కావాలంటే ఫోర్డ్ చిన్న పికప్ మావెరిక్‌ను చూడండి. 2021లో ఫోర్డ్ దాన్ని 19,995 డాలర్లకు ప్రకటించింది, అది కూడా హైబ్రిడ్. 2025 మోడల్ 26 వేలు దాటింది. నాలుగేళ్లలో 30 శాతానికి పైగా. మావెరిక్ తయారయ్యేది మెక్సికోలో, హెర్మోసియోలో. యూఏడబ్ల్యూ ఒప్పందం వర్తించని ఫ్యాక్టరీ అది. ట్రక్కు బిగించే కార్మికుడి జీతం మీదికి తోసేసే ముందు ఈ ఒక్క బండికి జవాబు చెప్పండి.

"కంపెనీలకు మిగిలేది అంతంతమాత్రం." 2024లో ఎలక్ట్రిక్ బండ్ల విభాగంలో ఫోర్డ్‌కు 5 బిలియన్ డాలర్లకు పైగా నష్టం వచ్చింది. సూపర్ డ్యూటీ ట్రక్కులు, ట్రాన్సిట్ వ్యాన్లు అమ్మే ఫోర్డ్ ప్రో విభాగంలో వడ్డీ, పన్నులకు ముందు 9 బిలియన్ల లాభం వచ్చింది. మనం కొనే ట్రక్కుల డబ్బే కంపెనీని నిలబెడుతోంది.

"చవక ట్రక్కు కొనేవాడు లేడు." మావెరిక్ హైబ్రిడ్‌కు ఆర్డర్లు ఎంత వచ్చి పడ్డాయంటే, 2022 జనవరిలోనే ఆ మోడల్ సంవత్సరానికి బుకింగులు ఆపేశారు. మరుసటి ఏడాది మోడల్‌కూ బుకింగ్ మొదలైన కొద్ది రోజులకే ఆపాల్సి వచ్చింది. 2024లో 1,30,000కు పైగా అమ్ముడయ్యాయి. కొనేవాళ్లు క్యూ కట్టారు. ఆ క్యూ చూసే ధర పెంచారని నా అభిప్రాయం.

ఇక మిగిలినవి అన్నిటికంటే ప్రమాదకరమైనవి, ఎందుకంటే అవి నేరుగా జేబుకు సంబంధించినవి.

"నెలకు ఎంత కట్టాలో చూసుకుంటే చాలు." 60 వేల డాలర్ల అప్పు, 7 శాతం వడ్డీ అనుకుందాం. 60 నెలలకు తీసుకుంటే నెలకు 1,188 డాలర్లు, మొత్తం వడ్డీ 11,284. అదే 84 నెలలకు సాగదీస్తే నెలకు 906కు దిగుతుంది, వడ్డీ మాత్రం 16 వేలు దాటుతుంది. డీలర్ దగ్గర సేల్స్‌మ్యాన్ మొదటి ప్రశ్న "నెలకు ఎంతలో కావాలి?" అనే అడుగుతాడు. ఆ అంకె మీరు చెప్పారంటే మిగతాదంతా నెలలు పెంచి సర్దేస్తాడు. పన్నులు, ఫీజులు, రవాణా ఖర్చు, మీరు అడగని యాక్సెసరీలు అన్నీ కలిపి బండి బయటికి తేవడానికి మొత్తం ఎంతవుతుందో ముందు కాగితం మీద రాయించుకోండి. వాయిదాల మాట తర్వాత. వడ్డీ రేటు మీ బ్యాంకులోనో క్రెడిట్ యూనియన్‌లోనో ముందే కనుక్కుని వెళ్లండి.

"బిజినెస్ పేరు మీద కొంటే ఫ్రీ." 6,000 పౌండ్లు దాటిన స్థూల బరువు (బండి, అది మోయగల లోడు కలిపి) ఉన్న ట్రక్కు ఖరీదును మొదటి ఏడాదే ఖర్చుగా రాసుకునే వీలున్న మాట నిజం. 2025 జనవరి 19 తర్వాత కొన్నవాటికి నూరు శాతం తరుగుదల, అంటే మొత్తం ఖరీదును మొదటి ఏడాదే రాసుకునే వీలు, మళ్లీ వచ్చింది. కానీ అది ఆదాయంలోంచి తగ్గే మొత్తం, పన్నులోంచి తగ్గేది కాదు. మీరు 24 శాతం శ్లాబులో ఉండి, బండిని పూర్తిగా పనికే వాడితే 60 వేల మీద 14,400 డాలర్ల ఆదాయపు పన్ను మిగులుతుంది. మిగతా 45,600 మీ చేతి డబ్బే. 70 శాతమే పనికి వాడితే మిగిలేది 10,080. పని వాడకం సగం మించకపోతే ఈ సౌకర్యమే లేదు. తర్వాతి ఏళ్లలో సగానికి పడిపోయినా ముందు తగ్గించుకున్న దాంట్లో కొంత వెనక్కి కలిపి పన్ను కట్టాలి. అందుకే ఎన్ని మైళ్లు దేనికి తిరిగారో పుస్తకం రాయాల్సిందే. ఉద్యోగం జీతం తప్ప వేరే వ్యాపారం లేనివాళ్లకు ఇదేదీ వర్తించదు. ట్యాక్స్ తగ్గుతుందని అవసరం లేని ట్రక్కు కొన్నవాళ్లకు తర్వాత ప్రతినెలా టెన్షనే.

"వడ్డీ ట్యాక్స్‌లో పోతుంది." 2025 నుంచి 2028 దాకా ఏడాదికి 10 వేల డాలర్ల వరకు వడ్డీని ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. సొంత వాడకానికి కొన్న కొత్త బండికే అది, బిజినెస్ బండికి కాదు. కాబట్టి పైన చెప్పిన నూరు శాతం తరుగుదలా, ఈ తగ్గింపూ ఒకే వాడకానికి రెండూ కలిసి రావు. భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే ఆదాయం 2 లక్షలు దాటిన దగ్గర్నుంచి తగ్గుతూ, రెండున్నర లక్షలకు పూర్తిగా పోతుంది. ఇద్దరూ ఐటీలో ఉన్న ఇళ్లలో చాలావాటికి చిల్లిగవ్వ రాదు. పైగా బండి చివరి బిగింపు అమెరికాలోనే జరిగి ఉండాలి. మిషిగన్‌లోనో మిస్సోరిలోనో తయారైన 65 వేల ఎఫ్-150కి ఇది వస్తుంది. ఉన్నవాటిలో చవకైన మావెరిక్ మెక్సికోలో తయారవుతోంది కాబట్టి దానికి రాదు.