ముఖానికి వద్దు, ఖాతాకు ఉండనివ్వండి

స్విట్జర్లాండ్ అనగానే మనకు గుర్తొచ్చేవి రెండే. ఒకటి, మంచుకొండ మీద పల్చటి షిఫాన్ చీరలో వణుకుతూ నవ్వే హీరోయిన్, పక్కనే మందపాటి కోటు వేసుకుని పాడే హీరో. రెండు, మనవాళ్ళ నల్లడబ్బు దాక్కున్న బ్యాంకు. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆ డబ్బు తెచ్చి తలా ఇంత పంచుతామని ఎవరో ఒకరంటారు, మనం పాస్‌బుక్ తీసి ఓసారి చూసుకుని మళ్ళీ బీరువాలో పెడతాం. ఇంత చిన్నచూపు ఆ దేశానికి తగదు. అక్కడి ప్రజలు సాధించిన ఒక ఘనకార్యం గురించి మనం మాట్లాడుకోవాల్సినంత మాట్లాడుకోలేదని నా బాధ.

2021 మార్చి 7న ఆ దేశం తన పౌరుల్ని పిలిచి, బహిరంగ ప్రదేశాల్లో ముఖం కప్పుకోవడాన్ని నిషేధించాలా వద్దా మీరే చెప్పండి అంది. ప్రభుత్వం వద్దంది, పార్లమెంటూ వద్దంది. ఓటేసినవాళ్ళలో నూటికి 51.2 మంది మాత్రం నిషేధించాల్సిందే అన్నారు. దాంతో రాజ్యాంగంలో 10ఎ అని కొత్త అధికరణం చేరింది. మున్సిపాలిటీ తీర్మానమో పోలీసు సర్క్యులరో కాదండీ, సాక్షాత్తూ రాజ్యాంగం.

ఇంతకీ ఆ దేశంలో నిఖాబ్ వేసుకునే ఆడవాళ్ళు ఎందరు? (నిఖాబ్ అంటే కళ్ళు తప్ప ముఖమంతా కప్పేది. తల మాత్రం కప్పే హిజాబ్ జోలికి ఈ చట్టం పోలేదు.) లూసెర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఓపిగ్గా వెతికి తేల్చారు. 21 నుంచి 37. వేలు కాదు, లక్షలు కాదు, అక్షరాలా ముప్పై ఏడు, అది కూడా పై అంచనా. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో కోరం లేదని వాయిదా పడిన మీటింగుకు కూడా అంతకంటే ఎక్కువమందే వస్తారు. వాళ్ళలో చాలామంది ఎడారి దేశాల నుంచి దిగినవాళ్ళు కూడా కారట. పశ్చిమ దేశాల్లోనే పుట్టి పెరిగి, అక్కడి బళ్ళలోనే చదువుకుని, తమంతట తాము మతం మారినవాళ్ళట.

అప్పటి జనాభా 86 లక్షలు. నిషేధానికి పడిన ఓట్లు 14 లక్షల పైచిలుకు. ముసుగు వేసుకునేవాళ్ళు సుమారు 30 మంది అనుకుంటే ఒక్కో మనిషి మీదికి 47 వేల మంది కదిలారన్నమాట. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని మన పెద్దలు ఊరికే అనేశారు గానీ, అస్త్రం వేసేముందు పిచ్చుకలెన్నో ఎప్పుడైనా లెక్క చూశారా? స్విస్‌వాళ్ళు లెక్క తెలిసి మరీ వేశారు. గడియారాలు చేసే జాతి, ఏదీ అందాజుగా చేయరు.

ఈ ఉద్యమం నడిపినవాళ్ళకు అనుభవం లేదనుకోకండి. సోలోథర్న్ ప్రాంతంలో ఎగెర్‌కింగెన్ అనే ఊరుంది. ఆ ఊరి పేరుతో ఒక కమిటీ వెలిసింది. 2009లో మినార్లు కట్టకూడదని ఓటు పెట్టించి, 57.5 శాతంతో గెలిచింది వీళ్ళ వర్గమే. అప్పటికి ఆ దేశం మొత్తమ్మీద ఉన్న మినార్లు నాలుగు. అంటే అన్నీ తెచ్చి ఒకచోట నిలబెడితే ఒక్క చార్మినార్ అవుతుంది, చుట్టూ గాజుల కొట్లు పెట్టుకోవడమే తరవాయి. నాలుగు మినార్ల ముప్పును ఎదుర్కొన్న వీరులకు ముప్పై మంది ఆడవాళ్ళు ఒక లెక్కా!

అయితే చట్టం ఎవరినీ వేలెత్తి చూపించలేదని మనం న్యాయంగా ఒప్పుకోవాలి. 10ఎ అధికరణంలో బుర్ఖా అన్న మాట లేదు, ఏ మతం పేరూ లేదు. ఎవరూ ముఖం కప్పుకోరాదు, అంతే. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో రౌడీయిజం చేసేవాడూ, ఊరేగింపులో రాళ్ళు వేసేవాడూ దీని కిందకే వస్తారని సమర్థకులు పదే పదే చెప్పారు. ప్రచార పోస్టర్లలో మాత్రం ఆ ఫుట్‌బాల్ అభిమాని ఎందుకో నా కంటపడలేదు. నల్ల నిఖాబ్‌లోంచి కనుబొమలు ముడిచి కోపంగా చూసే ఆడమనిషి బొమ్మ, పక్కన ‘తీవ్రవాదాన్ని ఆపండి’ అన్న రాత. ఆ నెలల్లో ఆ దేశంలో నిఖాబ్ వేసుకున్న ఆడవాళ్ళకంటే నిఖాబ్ వేసుకున్న పోస్టర్లే ఎక్కువ ఉండి ఉంటాయి. గోడల మీద ఉన్నవాటికి జరిమానా లేదు.

ఇదంతా కరోనా కాలంలో జరిగిందన్న సంగతి కూడా మరవకూడదు. రైలెక్కాలంటే మాస్కు, కొట్లోకి పోవాలంటే మాస్కు. మాస్కు లేనివాడికి ప్రవేశం లేదు. ఒక సగటు పౌరుణ్ణి ఊహించుకోండి. ముక్కూ మూతీ మూసేలా మాస్కు బిగించుకుని పాలప్యాకెట్ కోసం బయల్దేరాడు. కళ్ళద్దాలకు ఆవిరి పట్టింది. ముఖం చూపించుకోవడమే మా సంస్కృతి అని ఓటేసిన కవరు కోటు జేబులో ఉంది. తడుముకుంటూ దాన్ని పోస్టు డబ్బాలో వేసి, చేతులకు శానిటైజర్ రాసుకుని, కొట్లోకి వెళ్ళాడు. ప్రజాస్వామ్యంలో ఇంతకంటే చక్కటి దృశ్యం ఉంటుందా?

ఇక అసలు ఉద్దేశం స్త్రీ విమోచన. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది, ఎందుకంటే ఈ విషయంలో స్విస్ మగవాళ్ళ రికార్డు అలాంటిది. ఆడవాళ్ళకు ఓటివ్వాలా అని 1959లో మగవాళ్ళను అడిగితే మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. తొందరేముందని ఇంకో పన్నెండేళ్ళు ఆలోచించి, 1971 ఫిబ్రవరిలో సరేనన్నారు. అంటే మనిషి చంద్రుడి మీద దిగి వచ్చాక. అపెంజెల్ ఇన్నర్‌రోడెన్ అనే బుల్లి రాష్ట్రంలో మగవాళ్ళు నడుముకు కత్తి కట్టుకుని మైదానంలో చేరి చేతులెత్తి ఓటేస్తారు. ఆ కత్తే వాళ్ళ ఓటరు కార్డు. ఆడవాళ్ళకు కత్తి ఎక్కడ పెట్టుకోవాలో తెలియదనుకున్నారో ఏమో, 1990 ఏప్రిల్‌లో కూడా చేతులు లేవలేదు. ఆ ఏడాది నవంబర్‌లో సుప్రీం కోర్టు చెవి మెలేస్తే తప్ప అక్కడి ఆడవాళ్ళకు స్థానిక ఓటు రాలేదు.

పెళ్ళయిన ఆడది ఉద్యోగం చేయాలన్నా మొగుడు కాదంటే కుదరని చట్టం 1987 చివరిదాకా నడిచింది. దాన్ని మార్చబోతే 1985లో అడ్డుపడ్డ కమిటీకి ముందు నిలిచిన నాయకుడు క్రిస్టోఫ్ బ్లోఖర్. ఆయన తరవాత స్విస్ పీపుల్స్ పార్టీకి పెద్ద దిక్కయ్యాడు. ముసుగు నిషేధాన్ని భుజాన మోసిన పార్టీ అదే. మొగుడి అనుమతి పోయింది, కనీసం ముసుగు మీదైనా మన అనుమతి ఉండాలి కదా అనుకుని ఉంటారు. పాపం, అలవాటైన బాధ్యత ఒక్కసారిగా దిగిపోతే భుజాలు లాగుతాయి.

ముస్లిం ఆడవాళ్ళు ఏమన్నారని ఎవరైనా అడుగుతారు. రెండు రకాలుగానూ అన్నారు. సైదా కెల్లర్ మెసాలి లాంటి ముస్లిం స్త్రీవాది నిషేధం కావాలంది, ఆ ముసుగు వెనక ఆడదాన్ని మాయం చేసే భావజాలం ఉందని. ఆమెతో కొట్లాడటానికి నేను సిద్ధంగా లేను, ఎందుకంటే ఆ మాటలో నిజముంది. నిషేధం వద్దన్న ముస్లిం స్త్రీవాదులూ ఉన్నారు, వాళ్ళ మాటలోనూ నిజముంది. టెహ్రాన్‌లో తలమీది గుడ్డ జారితే పోలీసొస్తాడు, స్విస్ ఊరు లొకార్నోలో ముఖమ్మీది గుడ్డ జారకపోతే పోలీసొస్తాడు. ఇద్దరి జేబులోనూ ఒకే కొలత టేపు. గుడ్డ ఎవరి ముఖమ్మీద ఉందో ఆ మనిషికి టీవీ చర్చల్లో కుర్చీ దొరకడమే అరుదు. దొరికినా యాంకర్ ముందడిగేది ముసుగు తీస్తారా అనే.

ఉదారవాదులు మాత్రం తక్కువ తిన్నారా? నిషేధం వద్దన్నవాళ్ళలో పర్యాటక వర్గాలు ముందువరసలో ఉన్నాయి. ఇంటర్‌లాకెన్‌కు గల్ఫ్ నుంచి కుటుంబాలు దిగుతాయి, సరస్సు కనిపించే గదులు తీసుకుంటాయి, గడియారాలు కొంటాయి. మత స్వేచ్ఛ ఎంత పవిత్రమైనదో హోటల్ బిల్లు కట్టే కౌంటర్ దగ్గరే బాగా తెలుస్తుంది. నాలుగు రాత్రులుండే ముసుగు సంస్కృతుల సమ్మేళనం, నాలుగేళ్ళుండే ముసుగు దేశానికి ముప్పు.

అదే మార్చి 7న అదే కవరులో ఇంకో రెండు ప్రశ్నలూ ఉన్నాయి. వీటి గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. ఒకటి, ఎలక్ట్రానిక్ గుర్తింపు కార్డు. దాన్ని ప్రైవేటు కంపెనీలు జారీ చేస్తాయంటే, మా వివరాలు మాకు రహస్యం, ఎవరికీ అప్పగించం అని 64 శాతం మంది తిప్పికొట్టారు. రెండోది, ఇండోనేషియాతో వాణిజ్య ఒప్పందం, ముఖ్యంగా అక్కణ్ణుంచి వచ్చే పామాయిల్ గొడవ. ప్రపంచంలోకెల్లా ఎక్కువమంది ముస్లింలున్న దేశం అదే. దానికి 51.6 శాతం మంది జై కొట్టారు. ముసుగు నిషేధం కంటే ఆ వ్యాపారానికే అర శాతం దాకా ఎక్కువ మద్దతు. మొత్తం కలిపి చదివితే అర్థం ఇదీ: నీ ముఖం చూపించు, నా వివరాలు అడక్కు, పామాయిల్ పంపించు.

రహస్యాన్ని అంత ప్రేమించే జాతి ముసుగును ఎందుకు ద్వేషిస్తుందని అమాయకంగా అడక్కండి. 1934 నాటి బ్యాంకింగ్ చట్టంలో 47వ సెక్షన్ ఉంది. ఖాతాదారు గుట్టు బయటపెట్టిన బ్యాంకు ఉద్యోగి జైలుకు పోవాల్సి వస్తుంది. పేరు బదులు అంకె మాత్రం ఉండే ఖాతాలూ ఉన్నాయి. కళ్ళు కూడా కనపడని ముసుగు అది. ఆ ముసుగు కింద ఎంతమంది నియంతలు, ఎంతమంది కాంట్రాక్టర్లు హాయిగా నిద్రపోయారో! ఎవరూ వాళ్ళను దేశ సంస్కృతిలో కలవండి బాబూ అని వేధించలేదు. ఇతర దేశాలు మెడ మీద కూర్చుంటే ఈ మధ్యే కాస్త పైకెత్తారు, 2019 నుంచి మన సర్కారుకూ ఏటా కొన్ని వివరాలు వస్తున్నాయి. ఆ ముసుగు తీయించడానికి మాత్రం ఎగెర్‌కింగెన్‌లో ఏ కమిటీ వెలిసినట్టు నేను వినలేదు.

సరే, ఓటు అయింది, చట్టం రాయాలి. 2023 సెప్టెంబర్‌లో పార్లమెంటు ఆమోదించింది, 2025 జనవరి 1 నుంచి అమలు. పట్టుబడి అక్కడికక్కడే కడితే 100 ఫ్రాంకులు, మొండికేస్తే 1,000 దాకా. ఆపైన మినహాయింపులు. విమానంలో కప్పుకోవచ్చు. రాయబార కార్యాలయాల్లో, ప్రార్థనా స్థలాల్లో కప్పుకోవచ్చు. ఆరోగ్యం కోసం, భద్రత కోసం, చలి కోసం కప్పుకోవచ్చు. స్థానిక ఆచారమైతే మరీ మంచిది. బాసెల్‌లో కార్నివాల్ సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి ఊళ్ళో దీపాలార్పి, వేలమంది మాస్కులు తగిలించుకుని డప్పులతో పిల్లనగ్రోవులతో బయల్దేరతారు. ఇంకా లోపలికి, లోట్షెన్ లోయకు వెళితే, కొయ్యతో చెక్కిన రాక్షస ముఖాలు తగిలించుకుని, గొర్రెతోళ్ళు కప్పుకుని, నడుముకు పెద్ద గంట కట్టుకుని, దారినపోయేవాళ్ళ ముఖానికి మంచు రుద్దుతారు. అది సంస్కృతి. గంట లేకుండా, ఎవరి ముఖానికీ ఏమీ రుద్దకుండా, నిశ్శబ్దంగా కూరగాయలు కొనుక్కుని పోయే మనిషిది ఛాందసం.

మినహాయింపుల్లో నాకు బాగా నచ్చింది వ్యాపార ప్రకటన. ఏదైనా అమ్ముకోవడానికైతే ముఖం కప్పుకోవచ్చు! పక్కనున్న ఆస్ట్రియాలో 2017లో ఇలాంటి చట్టమే వచ్చినప్పుడు వియన్నాలో పెద్ద అభాసయింది. ఒక కంప్యూటర్ కొట్టు ప్రచారానికి సొరచేప వేషం వేసుకుని నిలబడ్డవాడికి పోలీసులు జరిమానా వేశారు. ఆ సొరచేప గోడు స్విస్‌వాళ్ళకు వినపడిందో ఏమో, ముందే జాగ్రత్త పడ్డారు. కాబట్టి ఆ ముప్పై మంది అక్కచెల్లెళ్ళకు నా ఉచిత సలహా: నిఖాబ్ మీద చిన్నగా ఒక చాక్లెట్ బొమ్మ కుట్టించుకోండి. అప్పుడది ముసుగు కాదు, మార్కెటింగ్.

ఇదంతా రాస్తుండగానే మా అక్కమొగుడి దగ్గర్నుంచి ఫోన్. ఆయన 2019లో గ్రూప్ టూర్‌లో యుంగ్‌ఫ్రావ్ కొండెక్కి వచ్చారు. వాళ్ళ హాల్లో ఫ్రేము కట్టించిన ఫోటో ఉంది. తలకు ఊదారంగు మంకీ క్యాప్, దాని మీద మా అక్క శాలువా, నల్ల కళ్ళద్దాలు, మధ్యలో ఎర్రబడ్డ ముక్కు కొన. మనవడు ఎప్పుడడిగినా కింద రాసిన పేరు చదివి వినిపిస్తారు.

“ఏమోయ్, ఈ జూన్‌లో మళ్ళీ వెళ్తున్నాం. అక్కడ మంకీ క్యాప్‌కు కూడా ఫైనంటగా?”

“కొండ మీద పర్లేదు బావగారూ, చలికి మినహాయింపుంది.”

“మరి కింద? పొద్దున్నే వాకింగ్‌కు పోతాను కదా.”

“జూన్‌లో వాళ్ళు నిక్కర్లేసుకుని తిరుగుతారు. మీరు చలంటే పోలీసు నమ్మాలిగా.”

“వంద ఫ్రాంకులంటే మన డబ్బుల్లో ఎంత?”

“పదివేల పైమాటే.”

కాసేపు అవతల చప్పుడు లేదు. “సుల్తాన్ బజార్లో ఆ క్యాపు నూటయాభైకి కొన్నానోయ్,” అన్నారు చివరికి. “పోనీ, మీ అక్క దుపట్టా ఒకటి అడిగి ముఖానికి చుట్టుకోనా?”

“ఆ పని మాత్రం చేయకండి బావగారూ. వాళ్ళు 37 దాకానే రాసుకున్నారు. మీరు 38 అవుతారు.”