భూమి ఇచ్చినంత మాత్రాన...

1895లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం డాల్టన్‌లో క్యాథరీన్ ఎవాన్స్ అనే అమ్మాయి పెళ్లి కానుకగా ఇద్దామని చేత్తో కుచ్చులు వేసి ఒక దుప్పటి కుట్టింది. చూసినవారు తమకూ కావాలన్నారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు పని నేర్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఆ కుచ్చుల పనే యంత్రాలకెక్కి తివాచీల పరిశ్రమ అయింది. ఇవాళ అమెరికాలో తయారయ్యే తివాచీల్లో అత్యధిక భాగం ఆ చుట్టుపక్కలవే. ముందుగా గీసిన ప్రణాళిక ఏదీ దీనికి పునాది కాదు.

పరిశ్రమలు ఒకచోట ఎందుకు గుమిగూడతాయో 1890లోనే బ్రిటిష్ ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ వివరించారు. పని తెలిసినవారు అక్కడే దొరుకుతారు, విడిభాగాలు అందించేవారు పక్కనే వెలుస్తారు, ఒకరు కనిపెట్టిన కిటుకు మరొకరికి ఇట్టే పాకుతుంది. ఈ గుమిగూడడాన్ని గణిత నమూనాగా మలచిన అమెరికా ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్‌కు 2008లో ఆర్థికశాస్త్ర నోబెల్ దక్కింది.

ప్రభుత్వాలకు మాత్రం ఇదంతా పట్టదు. చవకగా భూమి, కొన్నేళ్ల పన్ను మినహాయింపు, ఒక శిలాఫలకం: వాటి దృష్టిలో పారిశ్రామికాభివృద్ధి అంటే ఇంతే. రాయితీ కోసం వచ్చిన కంపెనీకి, గడువు తీరాక అక్కడే ఉండవలసిన అగత్యం ఏముంది? పాడైన యంత్రాన్ని గంటలో బాగుచేసే మెకానిక్ పక్క వీధిలో ఉన్నచోటు నుంచి కదలడానికి మాత్రం ఏ యజమాని అయినా వెనకాడతాడు. ఆ మెకానిక్‌ను ఏ ఉత్తర్వూ పుట్టించలేదు.

కిటుకులు పాకాలంటే మనుషులు కదలాలి. ఉద్యోగం మానేసినవారు పోటీ సంస్థలో చేరకూడదనే ఒప్పందాలు చాలాచోట్ల చెల్లుతాయి. కాలిఫోర్నియా చట్టం 1872 నుంచే వాటిని చెల్లనివ్వలేదు. సిలికాన్ వ్యాలీ ఎదుగుదలలో దీని పాత్ర తక్కువేమీ కాదని పలువురు పరిశోధకుల అభిప్రాయం. రాయితీల చిట్టాలో ఇలాంటి అంశం ఎన్నడైనా కనిపించిందా?

గుమిగూడడంలో ముప్పూ ఉంది. 1950లో సుమారు 18.5 లక్షల జనాభాతో వెలిగిన అమెరికా నగరం డెట్రాయిట్, కార్ల పరిశ్రమనే నమ్ముకుని, 2013లో దివాలా పిటిషన్ వేసింది. జాతి వివక్ష, శివార్లకు వలసలు కూడా ఆ పతనానికి కారణాలే. అయినా ఊరంతా ఒకే పని మీద బతికితే, ఆ పని తగ్గిన రోజున చేతిలో మరో విద్య మిగలదు.

అందుకే మా సూచన: కొత్త పారిశ్రామికవాడకు స్థలం వెతికే ముందు, అక్కడివారికి ఇప్పటికే ఏ పని వచ్చో లెక్క తీయండి. ఆ పనికి దగ్గరి పనులు నేర్పే శిక్షణ సంస్థను, నాణ్యత పరీక్షించే ప్రయోగశాలను ముందు పెట్టండి. పన్ను మినహాయింపు మాట తరవాత చూడవచ్చు.