రాజీ మాటున రౌడీతనం

అద్దానికి అద్దం తగిలింది. వెనక వచ్చినవాడు బండి తెచ్చి కారుకు అడ్డంగా పెట్టాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం లాగేసుకున్నాడు. బూతులు, చెంపదెబ్బ, చుట్టూ వీడియో తీసే ఫోన్లు. కాసేపటికి అందరూ స్టేషన్‌లో. సాయంత్రానికి రాజీ. విజయవాడ బెంజి సర్కిల్ కావచ్చు, రామవరప్పాడు రింగ్ కావచ్చు, గుంటూరు లాడ్జి సెంటర్ కావచ్చు, తంతు ఇదే. ఫోన్లలో తిరిగే ఇలాంటి వీడియోలు పాఠకులు చూసినవే, మళ్లీ వర్ణించనక్కర్లేదు. రేపు నడుముకున్న పిస్తోలు బయటికి తీసినవాడికీ ఇదే తంతు వర్తిస్తే ఈ రెండు నగరాల్లో రోడ్డెక్కే సామాన్యుడికి దిక్కెవరు?

చిన్న గొడవకు కేసెందుకు, కుర్రాళ్ల భవిష్యత్తు పాడవుతుంది, పోలీసులకు వేరే పనుల్లేవా అనేవారున్నారు. వాయిదాల చుట్టూ తిరగలేక బాధితులే రాజీకి వస్తారన్నదీ నిజమే. విరిగిన అద్దం ఖరీదు మీద ఇద్దరూ రాజీ పడితే ఎవరికీ అభ్యంతరం లేదు. కొట్టిన దెబ్బ మీద, లాక్కున్న తాళం మీద, చూపించిన తుపాకీ మీద రాజీ కుదిర్చే అధికారం స్టేషన్‌కు ఎవరిచ్చారన్నదే మా ప్రశ్న.

చట్టంలో రాజీకి చోటుంది. దర్యాప్తు, విచారణ ఎలా సాగాలో చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 359వ సెక్షన్‌లో ఏ నేరానికి ఎవరు రాజీ పడవచ్చో పట్టికే ఇచ్చారు. సాదా గాయం, దారి అడ్డగించడం అందులో ఉన్నాయి. అయితే ఆ రాజీ కేసు నమోదయ్యాక, కోర్టు లెక్కలోకి ఎక్కే రాజీ. ఎస్సై గది బయట బెంచీ మీద, తెల్లకాగితంపై, ఇరుపక్షాల పెద్దమనుషులు రాయించే రాజీ అది కాదు. ఆ పట్టికలో చెప్పినవి తప్ప మరే నేరానికీ రాజీ చెల్లదని అదే సెక్షన్ తేల్చి చెబుతోంది. ఆయుధాల చట్టం కింద చేసిన నేరం అందులో లేనే లేదు.

ఉత్త చేత్తో కొడితే, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 115(2) కింద ఏడాది వరకూ జైలో, పది వేల వరకూ జరిమానానో, రెండూనో. కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరం అది. స్టేషన్లు ఇష్టంగా ఎంచుకునే సెక్షన్ కూడా అదే. తలమీద హెల్మెట్‌తోనో, డిక్కీలోని వీల్ స్పానర్‌తోనో కొడితే ఆ వస్తువును ఆయుధంగా పరిగణించి 118(1) కింద నేరుగా ఎఫ్ఐఆర్ కట్టాలి, మూడేళ్ల వరకూ శిక్ష పడుతుంది. బండి అడ్డంపెట్టి కదలనివ్వకపోతే 126(2). ఫిర్యాదులో ‘గొడవ పడ్డాడు’ అని రాస్తే ఇవన్నీ గాలికి పోతాయి. దేంతో కొట్టాడు, ఎక్కడ కొట్టాడు, తాళం ఎవరు తీశారు, ఏ మాటలన్నాడు అనేవి బాధితుడు విడివిడిగా రాయాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే సురక్షా సంహిత 173(4) కింద ఫిర్యాదు ప్రతిని పోస్టులో పై అధికారికి పంపాలి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాలి. ఈ మెట్లు ఎక్కేవారు లేరన్న ధీమాతోనే రాజీ కాగితాలు తయారవుతున్నాయి.

ఇక తుపాకీ సంగతి. విజయవాడలో లైసెన్స్ ఇచ్చేది పోలీస్ కమిషనర్, గుంటూరులో కలెక్టర్. ఆత్మరక్షణకని ఇచ్చిన అనుమతి అది, ఓవర్‌టేక్ చేసినవాణ్ని హడలగొట్టడానికి కాదు. 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం బహిరంగ స్థలంలో పిస్తోలు ఒరలో, పూర్తిగా కప్పి ఉండాలి. బయటికి తీసి ఝళిపించడమే నిషిద్ధం. ఒక్క తూటా పేలక్కర్లేదు. చొక్కా పైకెత్తి ‘చూశావా’ అన్నా చాలు. ఆయుధాల చట్టం 17వ సెక్షన్ కింద లైసెన్స్‌ను సస్పెండ్ చేసే, రద్దు చేసే అధికారం ఇచ్చినవారి చేతిలోనే ఉంది. 2019లో ఆ చట్టాన్ని సవరించి ఒకరికి మూడు తుపాకులన్నది రెండుకు తగ్గించారు. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చి ఇతరులను ప్రమాదంలో పడేసినా రెండేళ్ల జైలో, లక్ష జరిమానానో, రెండూనో అన్నారు. ఎన్నికలు రాగానే లైసెన్స్ ఆయుధాలను స్టేషన్‌లో జమ చేయమంటారు. ఆ రోజుల్లో ప్రమాదకరమైన పిస్తోలు, ఎన్నికల తంతు ముగియగానే బందరు రోడ్డు మీద నిరపాయకరం ఎలా అయిపోతుంది? ఫిర్యాదుదారు వెనక్కి తగ్గినంత మాత్రాన లైసెన్స్ ఇచ్చినవారి బాధ్యత తీరిపోదు. లైసెన్స్ ఇచ్చింది ఫిర్యాదుదారు కాదు. రాజీ పడే హక్కు అతనికీ లేదు, ఎస్సైకీ లేదు.

అది ఎయిర్ గన్ అనో, పిస్తోలు ఆకారంలో ఉన్న లైటర్ అనో తర్వాత తేల్చి నవ్వేసి పంపడం మరో అలవాటు. నాలుగున్నర మిల్లీమీటర్ల ఎయిర్ గన్‌కు, దాని శక్తి 20 జౌళ్లు దాటకపోతే, లైసెన్స్ అక్కర్లేని మాట నిజం. కానీ నల్లటి గొట్టం ముఖం మీదికి పెట్టినప్పుడు కారులో పిల్లల్ని పెట్టుకున్న తల్లికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? ప్రాణభయం పెట్టడం నేరమైనప్పుడు బొమ్మదా నిజమైనదా అన్నది రెండో సంగతి.

‘ఒక్క దెబ్బేగా’ అంటారు. 1988 డిసెంబరు 26న ఎమ్మెల్యే వంగవీటి మోహన రంగా హత్యతో విజయవాడ అట్టుడికింది. ఆ మర్నాడే, దేశానికి ఆ చివర పటియాలాలో, పార్కింగ్ దగ్గర మొదలైన తగువులో క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ చేతి దెబ్బ తిన్న 65 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. 2018లో సుప్రీంకోర్టు వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టింది. 2022 మే 19న అదే కోర్టు తన తీర్పును తానే సమీక్షించి ఏడాది కఠిన శిక్ష వేసింది. దృఢకాయుడి చెయ్యి కూడా ఆయుధమేనంది. ముప్పై మూడేళ్లు పట్టింది.

ఆ ఒక్క దెబ్బ ఏం చేస్తుందో రాజీ కుదిర్చే పెద్దమనుషులు తెలుసుకోవాలి. దెబ్బకు మనిషి వెల్లకిలా పడతాడు, తల వెనుక భాగం తారు రోడ్డును కొట్టుకుంటుంది. పుర్రెకూ మెదడు పొరకూ మధ్య నాళం చిట్లితే రక్తం మెల్లగా పేరుకుంటుంది. పడినవాడు లేస్తాడు. బట్టలు దులుపుకుంటాడు, మాట్లాడతాడు, స్టేషన్ బయట టీ తాగుతాడు, రాజీ కాగితం మీద సంతకం కూడా పెడతాడు. కొన్ని గంటలకు తలనొప్పి, వాంతులు, మగత, మాట తడబాటు, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దదవడం. అప్పటికి అతను ఇంట్లో ఒంటరిగా పడుకుని ఉంటాడు. తలకు దెబ్బ తగిలినవాణ్ని ముందు ఆస్పత్రికి పంపి, మెడికో లీగల్ కేసుగా రాయించి, కనీసం ఒకరోజు కనిపెట్టుకుని ఉండాలి. రక్తం పల్చబడే మాత్రలు వాడేవారికైతే సీటీ స్కాన్ విషయంలో జాప్యం పనికిరాదు. ఇవేవీ లేకుండా సంతకం తీసుకోవడాన్ని కౌన్సెలింగ్ అంటున్నారు.

తగువు ఎక్కడ మొదలవుతుందో కూడా చూడాలి. అద్దం పగిలితే సొంత బీమాలో క్లెయిమ్ పెట్టవచ్చు. కానీ పెడితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. మొదటి ఏడాది 20 శాతం, ఐదేళ్లు నిండితే 50 శాతం ప్రీమియం తగ్గింపు అది. అవతలివాడి థర్డ్ పార్టీ బీమా నుంచి రాబట్టాలంటే ట్రిబ్యునల్ మెట్లెక్కాలి, అద్దం కోసం ఎవరెక్కుతారు? అందుకే ‘ఇక్కడే ఇప్పుడే డబ్బు తియ్యి’ అంటారు. ఆ పూట గ్యాస్ ఖర్చు కూడా రాని ఆటో డ్రైవర్ జేబులో ఆ డబ్బు ఉండదు. చెయ్యి లేచేది అక్కడే. రెండు బండ్ల నంబర్లు, తగిలిన చోటు, రోడ్డు మొత్తం కనపడేలా ఒకటి, ఇలా నాలుగు ఫొటోలు తీసుకుని బండ్లు పక్కకు తీస్తే మిగతాది ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు.

రాజీల రాజ్యంలో పౌరుడు తన జాగ్రత్తలో తానుండక తప్పడం లేదు. సిగ్నల్ దగ్గర ముందు బండి వెనక టైర్లు రోడ్డును తాకే చోటు కనపడేంత ఎడం ఉంచుకుని ఆగాలి. అది లేకపోతే స్టీరింగ్ తిప్పి బయటపడే దారే ఉండదు. ఎవడైనా మీదికొస్తుంటే దిగవద్దు, ఇంజిన్ ఆపవద్దు. చాలా కార్లలో ఇంజిన్ ఆపి తాళం తీయగానే తలుపుల లాక్‌లు వాటంతటవే తెరుచుకుంటాయి. అద్దం రెండు వేళ్ల సందుకు మించి దించవద్దు, మాట వినపడటానికి అది చాలు. వెంటపడుతున్నాడనిపిస్తే ఇంటికి పోవద్దు, ఇల్లు చూపించినట్టవుతుంది. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు, వెలుతురున్న పెట్రోలు బంకుకు, హైవే మీదైతే కాజ టోల్ ప్లాజా లాంటి జనమున్న చోటికి పోనిచ్చి 112కు ఫోన్ చేయాలి. ఊరి పేరు కాదు, ఫ్లైఓవర్ పైనా కిందా, ఏ వైపు వెళ్తున్నారు, అవతలి బండి నంబరు, ఈ మూడూ ముందు చెప్పాలి. బైక్ మీద ఉన్నవారు తాళం తీసి జేబులో వేసుకుని, హెల్మెట్ మాత్రం తీయకుండా జనంలోకి నడవాలి.

ప్రమాదం చేసి పారిపోయినట్టు అవుతుందేమోనన్న భయం చాలామందిది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షనే దీనికి జవాబు. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం డ్రైవర్ విధి. గుంపు మీదపడే పరిస్థితిని మినహాయింపుగా ఆ చట్టమే రాసింది. అలాంటప్పుడు స్టేషన్‌కు వెళ్లి వీలైనంత త్వరగా, 24 గంటల్లోపు చెప్పాలి.

తుపాకీ బయటికొస్తే వాదన లేదు, రోషం లేదు. చేతులు కనపడేలా పెట్టి, అడిగింది ఇచ్చి, వెనక్కి తగ్గాలి. లాక్కోవాలని చూడటం, ముఖం మీద ఫోన్ పెట్టి వీడియో తీయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కారు తలుపు తూటాను ఆపదు, ఇంజిన్ దిమ్మె ఆపుతుంది. కాబట్టి దాక్కుంటే బండి ముందు చక్రం వెనక. గాయమై రక్తం కారుతుంటే గుడ్డ కుక్కి రెండు చేతుల బరువూ వేసి వదలకుండా నొక్కాలి. చెయ్యో కాలో అయి రక్తం ఆగకపోతే గాయానికి రెండు మూడంగుళాల పైన, కీలు మీద కాకుండా, వెడల్పాటి గుడ్డతో బిగించి, కట్టిన సమయం రాసిపెట్టాలి.

ఇవన్నీ చేసినా సాక్ష్యం మిగలకపోతే మళ్లీ రాజీకే దారి. 2016లో బిహార్‌లోని గయలో కారును దాటి వెళ్లిన గొడవలో ఇంటర్ కుర్రాణ్ని కాల్చి చంపారు. 2017లో కింది కోర్టు యావజ్జీవం వేసింది, 2023లో పట్నా హైకోర్టు సాక్ష్యం చాలలేదని నిందితులను విడుదల చేసింది. కాబట్టి డ్యాష్‌కామ్ ఉంటే ఆ రోజే మెమరీ కార్డు బయటికి తీయాలి, లేకపోతే కొన్ని గంటల్లో పాత దాని మీద కొత్తది ఎక్కేస్తుంది. మే నెల విజయవాడ ఎండకు బ్యాటరీ రకం కెమెరాలు ఉబ్బిపోతాయి, కెపాసిటర్ ఉన్నవి మేలు. దుకాణాల సీసీ కెమెరాల్లోనూ చాలావరకు రెండు వారాల నుంచి నెలలోపే దృశ్యం చెరిగిపోతుంది. పోలీసులు ఆలోగా తెప్పించాలని ఫిర్యాదులోనే రాయాలి. వాట్సాప్‌లో పంపిన వీడియో నలిగిపోయిన నకలు, అసలు ఫైలు ఫోన్‌లో ఉంచాలి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ అడిగే ధ్రువపత్రం దాన్నిబట్టే ఇస్తారు.

ఈ రెండు జిల్లాల్లో అమెరికాలో పిల్లలున్న ఇళ్లు వీధికి నాలుగున్నాయి. అక్కడ 2021లో తుపాకీ గాయాలతో 48,830 మంది పోయారు. ఆత్మహత్యలూ అందులో ఉన్నాయి. సగానికి పైగా రాష్ట్రాల్లో అనుమతి పత్రం లేకుండానే పిస్తోలు వెంట తిప్పుకోవచ్చు. ‘వేలు చూపించకు, కారు దిగకు, వెంటపడితే 911 కొట్టు’ అని మనం ఫోన్‌లో పిల్లలకు చెబుతాం. ఆ భయం మన ఏలూరు రోడ్డుకు రాకుండా ఆపే చట్టం మనకుంది. దాన్ని రాజీ కాగితం కింద పెట్టి నొక్కేస్తున్నాం.

కేసు కట్టినా నిలబడదనుకునే చోట కనీసం బైండోవర్ చేయవచ్చు. సురక్షా సంహిత 126వ సెక్షన్ కింద ఏడాది వరకూ శాంతిగా ఉంటానని పూచీకత్తు రాయించుకోవచ్చు. రాజీ కాగితానికి లేని విలువ దానికుంది, తప్పితే డబ్బు పోతుంది. దాడి ఫిర్యాదుల్లో ఎన్ని రాజీ అయ్యాయో, తుపాకీ చూపించిన ఫిర్యాదుల్లో ఎన్ని లైసెన్సులు సస్పెండయ్యాయో కమిషనర్, ఎస్పీ, కలెక్టర్ ప్రతి నెలా ప్రకటించాలి. ‘పోలీస్’, ‘ఎమ్మెల్యే’ స్టిక్కర్లున్న బండ్ల లెక్క విడిగా ఇవ్వాలి. ‘ప్రెస్’ అని రాసుకున్నవాటినీ కలపాలి. మా వృత్తి పేరు అద్దం మీద అంటించుకుని జనం మీద చెయ్యి చేసుకునేవాడికి మా దగ్గర్నుంచి సిఫార్సు ఫోన్ వస్తే ఆ పేరు కూడా బయటపెట్టాలి.

సిఫార్సు ఫోన్లు చేసే నాయకులు, వాటికి లేచి నిలబడే అధికారులు ఒక్క సంగతి చెప్పండి. మీరు సంతకం పెట్టించిన మనిషి ఆ రాత్రి ఇంట్లో వాంతి చేసుకుని, తెల్లారేసరికి లేవకపోతే, ఆ రాజీ కాగితాన్ని ఏ ఫైల్లో దాచిపెడతారు?