బాబాయికి దేశమంటే అమెరికానే

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను, ఒళ్ళు మండిపోతోంది. ఎస్టోనియా రాజధాని, మా టాలిన్‌లోని ఈ-గవర్నెన్స్ అకాడమీ వాళ్ళు సర్కారు పనుల్ని ఆన్‌లైన్లోకి తెచ్చుకోవడంలో ఉక్రెయిన్ ప్రభుత్వానికి సాయం చేస్తుంటారని మాటల్లో బాబాయి దగ్గర నోరు జారాను. పగలబడి నవ్వారు. "ఎస్టోనియానా? మన విశాఖంత జనం లేరు కదరా! కొత్త బిచ్చగాడు పొద్దెరగడట!"

అవును బాబాయ్, కొత్తే. అందుకేగా పనికొచ్చేది! 1992 జూన్‌లో సోవియట్ల నాటి రూబుల్ వదిలేసి ఎస్టోనియా తన సొంత కరెన్సీ క్రూన్ తెచ్చుకున్నప్పుడు ఒక్కో మనిషికి 1,500 రూబుళ్ళే మార్చిచ్చారు. చేతికొచ్చింది 150 క్రూన్లు. మార్కుకు 8 క్రూన్ల లెక్కన 19 జర్మన్ మార్కులు కూడా కాదు. ఆ రోజు క్యూలో నిలబడ్డ పెద్దావిడ మా ఆఫీసులోనే ఉంది. అంచులు నలిగిన 2 క్రూన్ల నోటు ఇప్పటికీ పర్సులో పెట్టుకు తిరుగుతుంది. అడక్కపోయినా తీసి చూపిస్తుంది.

పెద్ద దేశాల సలహాదారులేం చేస్తారు? స్టార్ హోటల్లో మూడు రోజులుండి, లావుపాటి రిపోర్టు పడేసి విమానమెక్కుతారు. ఏ గుమాస్తా ఫైలు తొక్కిపెడతాడో, ఏ శాఖ తన డేటా ఇవ్వనని మొండికేస్తుందో వాళ్ళకేం తెలుసు? ఎస్టోనియా వాళ్ళకి తెలుసు, వీళ్ళూ పడ్డారు కాబట్టి. ఉన్న డేటాబేసుల్నే కలిపే ఎక్స్-రోడ్‌ని 2001లో మొదలుపెట్టారు. ఉక్రెయిన్‌లో అదే పని చేసే ట్రెంబీటాకి అదే పునాది. 2023లో సర్కారు సేవల్ని ఫోన్లోనే అందించే ఉక్రెయిన్ వాళ్ళ దియా యాప్ చూసి, మేమూ అలాంటిదే చేసుకుంటామని ఎస్టోనియానే ప్రకటించింది. శిష్యుడి నోట్సు అడగడానికి ఈ గురువుకి నామోషీ లేదు. మనవాళ్ళయితే చచ్చినా అడగరు.

అన్నీ చెప్పరులెండి. ఆ రోజుల్లో ముసలివాళ్ళు పింఛనుతో ఎలా నెట్టుకొచ్చారో, సమష్టి వ్యవసాయ క్షేత్రాలు మూతపడ్డాక ఆ ఊళ్ళేమయ్యాయో వీళ్ళ స్లైడుల్లో కనపడదు. ముందు చెప్పాల్సిందే అది.

అయినా బాబాయి బాధ ఎస్టోనియా కాదు, నేను. నాకిక్కడ సీటొచ్చినప్పుడు అన్నయ్య పెళ్ళిలో, భోజనాల బంతిలో, అందరి ముందూ, "వీడికి అమెరికా రాలేదు, ఏదో మంచు పల్లెటూరికి పోతున్నాడు" అన్నారు. చేతిలో అరిసె అలాగే ఉండిపోయింది. న్యూజెర్సీలో ఉన్న కూతుర్ని ఆయన ఏళ్ళ తరబడి చూసుకున్న స్కైప్‌ని రాసింది ఈ మంచు పల్లెటూరివాళ్ళేనని ఇవాళ చెబుదామనుకున్నాను.

ఈలోపే "సరేగానీ, అమెరికాకి ఇప్పుడైనా ట్రై చెయ్యరా" అని పెట్టేశారు.